పెట్టెలో లేని రంగు

మొదటి రోజే పేచీ బూడిదరంగు దగ్గర వచ్చింది.

బల్ల మీద తెల్లగుడ్డ ఒకటి నలిపి పడేసి, పక్కన చిన్న మట్టికుండీ పెట్టుకున్నాను. కిటికీ వెలుతురు ఎడమ నుంచి పడుతోంది. గుడ్డ మడతల్లో నీడ కాస్త నీలంగా, కుండీకి దగ్గరయ్యేకొద్దీ కాస్త వెచ్చగా ఉంది. నీటిరంగుల్లో అయితే నాకది కళ్లు మూసుకుని చేసే పని. అల్ట్రామెరైన్ అనే నీలంలో ఇసుమంత బర్న్‌ట్ సియెన్నా అనే ఇటుకరంగు, మిగతాదంతా నీళ్లు. అలవాటు కొద్దీ చేయి పాలెట్ కోసం వెళ్లింది. పాలెట్ లేదు. ముందున్నది ఒక చెక్కపెట్టె, అందులో స్పాంజి మీద పడుకున్న ముప్పైతొమ్మిది పాస్టెల్ రంగుముక్కలు. ఆ ముప్పైతొమ్మిదిలో నాకు కావలసిన బూడిదరంగు లేదు.

పదిహేనేళ్లుగా నీటిరంగులు వేస్తున్నాను. మధ్యలో రెండేళ్లు ఆయిల్ వైపు వెళ్లొచ్చాను, అక్రిలిక్ కొన్నాళ్లు వాడాను. ఏది వాడినా రంగు కలుపుకోవడం అనేది ఒకటుంటుంది కదా, అదే లేని పద్ధతి ఒకటి ఉంటుందని ఎప్పుడూ తట్టలేదు. ఈ పెట్టె కూడా నేను కోరి తెచ్చుకున్నది కాదు. ఏళ్ల తరబడి పాస్టెల్స్‌తోనే బొమ్మలు వేసిన స్నేహితురాలు ఒకావిడ, ఆ పొడి పడక దగ్గు పట్టుకుంటోందని మానేసి, "నీ దగ్గరైతే వాడకంలో ఉంటాయి, తీసుకో" అని ఇచ్చింది. నలభైఎనిమిది ముక్కల పెట్టెలో తొమ్మిది అరిగిపోయాయి. ఏవి అరిగిపోయాయో ఖాళీలు చూస్తేనే తెలిసిపోతోంది. బూడిదరంగుల వరస మొత్తం ఖాళీ. "మంచివన్నీ నువ్వే ఉంచుకున్నావా ఏంటి?" అని అడిగితే, "లేదే, అవే ముందు అయిపోతాయి" అంది.

పాస్టెల్ అనగానే చాలామందికి రెండు గుర్తొస్తాయి. బట్టల విషయంలో చెప్పుకునే లేత లేత రంగులు ఒకటి, పిల్లలు వేసే ఆయిల్ పాస్టెల్స్ ఒకటి. నేను చెబుతున్నది ఆ రెండిటి గురించీ కాదు, సాఫ్ట్ పాస్టెల్ గురించి. ఆయిల్ పాస్టెల్‌లో మైనం, నూనె ఉంటాయి; అది 1925లో జపాన్‌లో తయారైన సరుకు. సాఫ్ట్ పాస్టెల్ వయసు అంతకంటే చాలా ఎక్కువ. అందులో ఉండేది రంగుపొడి, కొంచెం సుద్ద, అవి విడిపోకుండా పట్టి ఉంచేంత బంక. ఇటాలియన్‌లో పాస్తా అంటే ముద్ద. ఈ పొడిని ముద్ద చేసి, కడ్డీలుగా చుట్టి ఆరబెడతారు కాబట్టి పేరు ఆ మాటలోంచే వచ్చింది. నీటిరంగులో పొడిని పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల జిగురు, ఆయిల్‌లో అవిసె నూనె, ఇక్కడ ఎక్కువగా ట్రాగకాంత్ అనే బంక, అదీ పేరుకే. పొడి మాత్రం అన్నిట్లోనూ ఒకటే. నా నీటిరంగుల ట్యూబులో ఉన్న అల్ట్రామెరైనే ఈ కడ్డీలోనూ ఉంది. బంక తక్కువ కాబట్టి ముట్టుకుంటే చాలు రాలుతుంది.

అన్నీ లేతగా ఉంటాయనుకోవడం కూడా పొరపాటే. ఆ పెట్టెలోని ముదురు నీలం నా వేలికి అంటుకున్నప్పుడు కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను. నీటిరంగు తడిమీద చిక్కగా కనిపించి, ఆరేసరికి ఒక మెట్టు దిగిపోతుంది. ఆ దిగుడును ముందే లెక్కేసుకుని ముదురుగా వేయడం నాకు ఏళ్లుగా చేతికి పట్టిన అలవాటు. ఇక్కడ ఆరడమనేదే లేదు. వేసిన క్షణాన ఎలా ఉందో, మర్నాడూ అలాగే ఉంటుంది.

సరే, బూడిదరంగు. లేకపోతే చేసుకుందాం అనుకున్నాను. నీలం రుద్దాను. దాని మీద ఇటుకరంగు రుద్దాను. చూపుడువేలితో గుండ్రంగా తిప్పుతూ కలిపాను. వచ్చింది బూడిదరంగే, కాదనను. కానీ తడిసిన సిమెంటు సంచి లాంటి బూడిదరంగు. నీడలో ఉండే వెలుతురు అందులో లేదు. తెల్లముక్క తెచ్చి పైన రాస్తే ఇప్పుడది ఎండిన సిమెంటు సంచి అయింది. ఇంకాస్త నీలం వేద్దామని చూస్తే ముక్క జారిపోతోంది. సబ్బుబిళ్ల మీద గీస్తున్నట్టుంది, రంగు పడటం లేదు.

కారణం తర్వాత తెలిసింది. పాస్టెల్ కాగితానికి అతుక్కోదు, ఇరుక్కుంటుంది. కాగితం గరుకులో ఉండే సన్నటి గుంటల్లో పొడి చిక్కుకుని నిలబడుతుంది. ఆ గరుకునే 'టూత్' అంటారు, అంటే కాగితానికి పళ్లున్నాయన్నమాట. నేను వేలితో అరగదీసి, మొదటి మూడు రంగులతోనే ఆ పళ్ల సందులన్నీ పూడ్చేశాను. నాలుగో రంగు ఎక్కడ నిలబడుతుంది? కాగితం సంగతి అలా ఉంచి, నా వేలి చివర చర్మం కూడా అరిగి రెండు రోజులు మండింది.

అసలు నేను అంతగా ఎందుకు రుద్దాను? దీని మీద చాలా రోజులు ఆలోచించాను. నాకు కావలసింది వాష్. నీటిరంగు మనిషికి కాగితం మీద రంగు ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు మచ్చలేకుండా పారితేనే మనశ్శాంతి. పాస్టెల్ గీత వేస్తే గీతలా ఉంటుంది, సందుల్లోంచి కాగితం కనిపిస్తుంది, పక్కనున్న రంగుతో కలవదు. అది నాకు సగంలో ఆపేసిన పనిలా అనిపించేది. పూర్తి చేద్దామని వేలు పెట్టేవాడిలా ప్రతిచోటా దూరిపోయాను.

వేలితో రుద్దడమే తప్పని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. జెనీవాలో పుట్టిన చిత్రకారుడు లియోటార్ 1744 ప్రాంతంలో తోలుకాగితం మీద వేసిన 'చాక్లెట్ అమ్మాయి' జర్మనీలోని డ్రెస్డెన్ మ్యూజియంలో ఉంది. ట్రే పట్టుకుని నిలబడ్డ పనిపిల్ల. నీళ్ల గ్లాసు, పింగాణీ కప్పు, ఏప్రాన్ మడతలు, ఎక్కడా గీత ఆనవాలు లేదు. అంతా నున్నగా కలిసిపోయి ఉంటుంది. అంటే పాస్టెల్‌తో అదీ సాధ్యమే. లియోటార్ మెరుపు కోసం నునుపు చేశాడు. నేను భయంతో చేశాను. తేడా బొమ్మలో కనిపించింది.

రెండో వారం స్నేహితురాలికి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. అంతా విని ఒకటే అడిగింది.

"ముక్కలు విరగ్గొట్టావా?"

"విరగ్గొట్టడమేంటి, నిండుగా ఉన్నాయి కదా?"

"అదే నీ బాధ. కాగితం తొడుగు పీకేసి, మూడు ముక్కలు చెయ్యి. పెన్సిల్‌లా పట్టుకోకు."

కొత్త ముక్కను విరగ్గొట్టాలంటే ప్రాణం ఒప్పలేదు. కుంచెను ఎవరైనా మధ్యకు విరుస్తారా? ముందు నాకు అంతగా నచ్చని ఒక ఆకుపచ్చను బలిచ్చాను. టప్‌మని చిన్న చప్పుడు, గుప్పెడు పొడి. విరిగిన ముక్కను పడుకోబెట్టి, పక్కవాటుగా లాగితే ఒక్క ఊపులో అంగుళం వెడల్పు రంగు పడింది. కాగితం గరుకు మీద తేలుతూ, అక్కడక్కడ అడుగు కనిపిస్తూ. అది వాష్ కాదు గానీ, ఆరిపోతున్న కుంచెను గరుకు కాగితం మీద లాగినప్పుడు వచ్చే గీతకు చుట్టమే. డ్రై బ్రష్ అని మేం మురిసిపోయే ఆ గీత ఇక్కడ అడక్కుండానే వస్తుంది. ఆ సాయంత్రమే ముప్పైతొమ్మిదీ విరగ్గొట్టేశాను. ఒకసారి మొదలుపెట్టాక చేయి ఆగలేదు.

ఇంకో అలవాటు వదలడానికి మూడు బొమ్మలు పట్టింది. నీటిరంగుల్లో తెల్లరంగంటే కాగితమే. మెరుపు ఎక్కడ కావాలో ముందే అనుకుని, అక్కడికి కుంచె పోకుండా కాపలా కాస్తాం. లేత నుంచి ముదురుకు నడుస్తాం. పాస్టెల్‌తో వేసిన మొదటి మూడు బొమ్మల్లోనూ నేను అదే కాపలా కాశాను. కుండీ అంచు మీద మెరుపు కోసం కాగితం వదిలి, దాని చుట్టూ ఒళ్లు దగ్గర పెట్టుకుని రంగు వేస్తూ పోయాను. మూడో బొమ్మ చివర్లో, ఆ వదిలిన తెలుపు మీదికి చేయి జారి ముదురు గోధుమ పడింది. నెత్తి కొట్టుకున్నంత పని చేశాక, పెట్టెలో ఉన్న తెల్లముక్క కళ్లబడింది. తీసి ఒక్క నొక్కు నొక్కాను. మెరుపు వచ్చి కూర్చుంది. కాగితం వదిలితే వచ్చేదానికంటే బాగుంది కూడా. పదిహేనేళ్ల కాపలా ఉద్యోగం అలా ఊడింది.

ఆ తర్వాత తెల్లకాగితమే మానేశాను. పాస్టెల్ వాళ్లు రంగుకాగితాల మీద ఎందుకు వేస్తారో అప్పుడు అర్థమైంది. మధ్యరకం మట్టిరంగు కాగితం మీద మొదట ముదురులు, తర్వాత మధ్యవి, ఆఖర్న మెరుపులు. ఆయిల్ రంగులు వేసినవాళ్లకు ఇది తెలిసిన దారే. వాళ్లు పల్చటి పూత మీద నూనె ఎక్కువున్న పూత వేసినట్టే, ఇక్కడ గట్టిముక్కలతో మొదలుపెట్టి మెత్తముక్కలతో ముగిస్తారు. తిరగేస్తే మెత్తటి పొడి పొర మీద గట్టిముక్క గీరుకుంటూ పోతుంది, రంగు వేయడానికి బదులు ఉన్నదాన్ని ఊడబెరుకుతుంది. కాన్సన్ మి-తాంత్ కాగితం వాడేవాళ్లకు చిన్న హెచ్చరిక: దానికి ఒక పక్క తేనెపట్టు గళ్లలా అచ్చు ఉంటుంది, రెండో పక్క సన్నటి గరుకు. నేను తెలియక గళ్ల వైపు వేసి, ఆకాశం నిండా గళ్లు చూసి, నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. కొందరికి ఆ గళ్లే ఇష్టం. నాకు కాదు.

ఇంతా అయినా బూడిదరంగు సమస్య అలాగే ఉంది. స్నేహితురాలు ఒకసారి వచ్చి, నా బొమ్మలన్నీ గోడకు ఆనించి, కళ్లు సగం మూసి చూసింది. "నువ్వు రంగు వెతుకుతున్నావు, ముదురెంతో చూడట్లేదు" అంది. అని, పెట్టెలోని ముక్కలన్నీ ఒక పాత కాగితం మీద పోసి, "రంగు సంగతి మర్చిపోయి, ముదురు నుంచి లేతకు ఒక వరసలో పేర్చు చూద్దాం" అంది.

సులువనుకున్నాను. అరగంట పట్టింది. పేర్చాక ఫోన్‌తో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూస్తే, వరస నాసిరకం మెట్లలా ఎగుడుదిగుడుగా ఉంది. నేను లేతదనుకుని కుడి చివర పెట్టిన నారింజ, ఫొటోలో దాదాపు మధ్యకు చేరింది. ముదురనుకున్న ఊదా దానికి పక్కింటిది. మండే రంగును చూస్తే లేతగా ఉందని, చల్లటి రంగును చూస్తే ముదురుగా ఉందని నా కన్ను ఇన్నాళ్లూ మోసపోతూ వచ్చిందన్నమాట. నీటిరంగుల్లో ఈ మోసం బయటపడలేదు. అక్కడ ఎక్కువైతే నీళ్లు, తక్కువైతే రంగు, పక్కన చూసుకుంటూ కలిపేస్తాం. ముదురెంతో ప్రత్యేకంగా అడగాల్సిన అవసరం చేతికి రాలేదు. ఇక్కడ ముక్క ఎత్తకముందే ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మళ్లీ అదే గుడ్డ, అదే కుండీ. ఈసారి మట్టిరంగు కాగితం. నీడ ముదురెంతో కళ్లు చికిలించి చూసుకున్నాను. వరసలో ఆ మెట్టు మీద ఏమున్నాయో చూశాను: మసకబారిన ఊదా, బూజుపట్టిన ఆకుపచ్చ, మబ్బునీలం, మాసిన గులాబీ. నాలుగింట్లో ఒక్కటీ నీడరంగు కాదు. నాలుగూ ఆ ముదురులోనే ఉన్నాయి. మొదట ఊదాను పక్కవాటుగా, గాలి తగిలినంత తేలిగ్గా లాగాను. దాని మీద మబ్బునీలం, ఊదాను కప్పేయకుండా, అడ్డంగా చిన్న చిన్న గీతలు. కుండీ దగ్గరకొచ్చేసరికి నీలం ఆపి గులాబీ. మడత లోతుగా ఉన్నచోట ఆకుపచ్చ రెండే రెండు గీతలు. వేలు దూరకుండా ఎడమచేతిని జేబులో పెట్టుకున్నాను, నిజంగానే.

దగ్గర్నుంచి చూస్తే పిల్లలు గీకిన గోడలా ఉంది. నాలుగడుగులు వెనక్కి వెళ్లాను. అక్కడ నీడ ఉంది. బూడిదరంగులో, కాస్త నీలంగా, కుండీ వైపు వెచ్చబడుతూ. మళ్లీ దగ్గరకొచ్చాను, లేదు. వెనక్కెళ్లాను, ఉంది. అలా ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. సిమెంటు సంచి కంటే ఆ నీడ బాగుండటానికి మాయలేమీ లేవు. వేలితో కలిపినప్పుడు రంగుపొడులు ఒకదాన్నొకటి చంపుకుని ఒకే మురికిగా మారతాయి. విడివిడిగా పక్కపక్కన ఉంటే దేనికది వెలుతురును తిప్పి కొడుతుంది, కలిపే పని చూసేవాళ్ల కంటిది.

ఇది కొత్త సంగతేం కాదని తర్వాత ఫ్రెంచ్ చిత్రకారుడు షార్దాన్‌ను చూసి తెలుసుకున్నాను. జీవితమంతా ఆయిల్‌లో రాగిపాత్రలు, పండ్లు వేసిన మనిషి; ఆయిల్ రంగుల్లోని సీసం వల్లే కళ్లు పాడయ్యాయని అంటారు, డెబ్బై దాటాక పాస్టెల్స్ పట్టుకున్నాడు. 1771లో కళ్లజోడుతో ఒకటి, 1775లో నుదుటి మీద కంటినీడ కట్టుకుని ఒకటి, తన ముఖాన్నే వేసుకున్నాడు. రెండూ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. ముద్రణలో పెద్దది చేసి చూస్తే ఆ ముసలి బుగ్గల మీద గీతలు విడివిడిగా కనిపిస్తాయి, దాచాలన్న తాపత్రయమే లేదు. ఆయన కూడా నాలాగే వేరే రంగుల నుంచి వచ్చినవాడు. నా పదిహేనేళ్లకు ఆయన యాభై ఏళ్లు. అలవాటు మానుకోవడం కష్టంగా ఉందని నేను అనడం ఆ బొమ్మ చూశాక కాస్త తగ్గించాను.

నీళ్లను మాత్రం పూర్తిగా వదల్లేకపోయాను. గరుకుపొడి పూసిన కాగితాలు దొరుకుతాయి, వాటికి శాండ్ పేపర్‌లాగే అంకెలుంటాయి. అంకె పెరిగేకొద్దీ గరుకు సన్నబడుతుంది. వాటిలో తడిని తట్టుకునే రకాల మీద ముందు నీటిరంగుతో అడుగుపూత వేసి, ఆరాక పైన పాస్టెల్ వేయొచ్చు. లేదంటే పాస్టెల్‌నే పల్చగా వేసి, ఆల్కహాల్‌లో ముంచిన కుంచెతో తడిపితే అది రంగునీళ్లలా పారి, క్షణాల్లో ఆరిపోతుంది, గరుకు గరుకుగానే ఉంటుంది. ఇది తెలిసిన రోజు పుట్టింటికి వెళ్లినట్టయింది. కారే నీళ్లు, కలిసే అంచులు, అనుకోకుండా ఏర్పడే ఆకారాలు, అన్నీ కింద ఉంటాయి. వాటి మీద గీతలు. అన్ని కాగితాలూ ఒప్పుకోవు. ఒక రకం మీద నీళ్లు పడగానే గరుకుపూత జారి కుంచెకు అంటుకుని వచ్చేసింది, అడుగున అట్ట బోడిగా మిగిలింది. కొత్త కాగితం ఏదైనా సరే, మూలలో చుక్క వేసి చూడకుండా మొదలుపెట్టను ఇప్పుడు.

ఇక ఫిక్సెటివ్ సంగతి. పొడి రాలిపోకుండా పైన కొట్టే పల్చటి జిగురు స్ప్రే అది. గుడ్డ, కుండీ బొమ్మ పూర్తయ్యాక, ఇంత కష్టపడింది రాలిపోతే ఎలా అని, డబ్బా ఊపి నిండుగా కొట్టాను. కళ్ల ముందే గుడ్డ మాసిపోయింది. పొడి ఎక్కడికీ పోలేదు, కానీ మెరుపులు మాయమయ్యాయి. ఉతికిన గుడ్డ కాస్తా నెల రోజులు తుడిచిన గుడ్డ అయింది. సుద్దముక్క తడిస్తే ముదురుగా కనిపిస్తుంది కదా, అదే ఇది. పొడి రేణువుల మధ్య గాలి ఉన్నంతసేపూ వెలుతురు వాటికి తగిలి చెల్లాచెదురవుతుంది, అందుకే అంత తెల్లదనం. ఆ ఖాళీల్లోకి జిగురు చేరితే వెలుతురు చెదరకుండా లోపలికి దిగిపోతుంది. తడి ఆరితే సుద్ద మళ్లీ తెల్లబడుతుంది గానీ, జిగురు ఎక్కడికీ పోదుగా. ఫ్రెంచ్ చిత్రకారుడు దెగా లాంటివాళ్లు ఫిక్సెటివ్‌ను పొర పొరకూ మధ్యలో కొట్టి, దాని మీద మళ్లీ కొత్త రంగు వేసుకుంటూ పోయారు. కింది పొర ముదిరినా పరవాలేదు, పైది తాజాగా ఉంటుంది. నేనిప్పుడు అదే చేస్తాను. ఆఖరి పొర మీద మాత్రం ఏమీ కొట్టను. ఆ గుడ్డ మీద మెరుపులు తిరిగి వేశాను. మొదటిసారి పడినట్టు మాత్రం పడలేదు.

పొడి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే నాకీ పెట్టె వచ్చిందే ఆ పొడి పుణ్యాన. బొమ్మ మీద పేరుకున్న పొడిని ఉఫ్‌మని ఊదాలనిపిస్తుంది. ఊదకండి. ఊదింది గాల్లో తేలి మళ్లీ మీ ముక్కులోకే వస్తుంది. కొన్ని రంగుల్లో క్యాడ్మియం లాంటివి ఉంటాయి, అవి ఊపిరిలోకి పోకూడనివి. నేను బోర్డును నిలువుకంటే కాస్త ముందుకే వంచి పెడతాను, రాలిన పొడి బొమ్మకు తగలకుండా కింద పెట్టిన రేకు తొట్టిలో పడుతుంది. నేల ఊడవను, తడిగుడ్డతో తుడుస్తాను. మాస్క్ పెట్టుకుంటాను. మొదటి నెలలో ఇవేవీ చేయలేదు. ఒకరోజు తలుపు పిడి మీద ఊదారంగు వేలిముద్రలు, ఫోన్ మీద ఊదా, నా చెవి వెనక ఊదా చూసుకుని, ఈ పొడి లోపల ఎంతవరకూ వెళ్లి ఉంటుందో అన్న ఆలోచన వచ్చింది. అప్పట్నుంచి బుద్ధిగా ఉంటున్నాను. రంగులంటుకుని అన్నీ ఒకేలా మురికిపట్టిన ముక్కలను బియ్యపుగింజల డబ్బాలో వేసి మెల్లగా ఊపితే శుభ్రపడతాయన్నది కూడా ఆలస్యంగా తెలిసిన కిటుకే. అంతవరకూ ముదురు నీలమనుకుని గోధుమరంగు ఎత్తిన సందర్భాలున్నాయి.

దాచిపెట్టడం, ఫ్రేము కట్టించడం మామూలే, రెండు జాగ్రత్తలు తప్ప. బొమ్మల మధ్య నున్నటి గ్లాసిన్ కాగితం పెట్టి, ఒకదాని మీద ఒకటి జరగకుండా చూడాలి. ఫ్రేములో అద్దం బొమ్మకు తగలకూడదు. అద్దానికి బదులు మామూలు ప్లాస్టిక్ పలక వేస్తే దాని స్థిరవిద్యుత్తు పొడిని లాక్కుంటుంది. 

పాస్టెల్‌లో నాకు ఇప్పటికీ వెలితిగా అనిపించేది ఒకటుంది. ఇది తనంతట తాను ఏమీ చేయదు. నీటిరంగులో సగం బొమ్మ నీళ్లు వేస్తాయి. తడి మీద చుక్క వేసి, ఏం జరుగుతుందో చూస్తూ కూర్చోవచ్చు. బాగొస్తే నాది, పాడైతే నీళ్లది. ఇక్కడ పడిన ప్రతి గీతా నేను వేసిందే. రంగు ఆరేలోగా తేల్చుకోవాలన్న తొందర లేదు, ఎప్పుడంటే అప్పుడు ఆపి, నెల తర్వాత అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు. అది సుఖమే. కానీ ఎదురుచూడటానికి ఏమీ లేకపోవడం ఒక్కోసారి అలసట తెప్పిస్తుంది. నచ్చని చోట గట్టి కుంచెతో పొడి దులిపేసి మళ్లీ వేయగలగడం మంచిదే గానీ, దానివల్ల బొమ్మ ఎప్పుడు అయిపోయిందో తెలియడం లేదు. నీటిరంగు తనే చెబుతుంది, ఇక ముట్టుకుంటే మురికవుతానని.

ఎనిమిది నెలలైంది. మొన్న రేకు తొట్టి నిండిందని పారేయబోతూ ఆగాను. ఎనిమిది నెలల పొడి అది, అన్ని బొమ్మలదీ. అందులో బంక ఎలాగూ ఉంది. మాస్క్ కట్టుకుని, పొడిని మెల్లగా గిన్నెలోకి గీకి, చుక్కలు చుక్కలుగా నీళ్లు పోసి కలిపాను. చపాతీ పిండిలా కాదు గానీ, గట్టి మట్టిముద్దలా అయింది. కాగితం మీద దొర్లించి బొటనవేలంత కడ్డీ చేశాను. రంగు చూస్తే నల్లటి బూడిద, అందులో ఎక్కడో ఊదా, ఎక్కడో ఆకుపచ్చ. తడిగా ఉంది కాబట్టి ఇంత ముదురుగా ఉంది. ఆరితే ఎన్ని మెట్లు లేతబడుతుందో, నీలం వైపు పోతుందో మట్టి వైపు పోతుందో ఇప్పుడు చెప్పలేను. కిటికీ దగ్గర, ఎండ తగలని చోట పెట్టాను. పొద్దున నొక్కి చూస్తే లోపల ఇంకా చెమ్మగానే ఉంది. పెట్టెలో బూడిదరంగుల వరస దగ్గర ఒక గుంటలో దుమ్ము తుడిచి ఉంచాను.